నాలుగు పాటలు చాలవా?

కాకినాడ నించి ఓ ఇంజనీరింగు విద్యార్థి ఉత్తరం రాశాడు. తనూ, మరో ముగ్గురు మిత్రులూ కలిసి రాక్ బ్యాండు పెట్టారట. సొంతంగా కట్టిన పాటలు నాలుగు తయారుగా వున్నాయట. "ఇప్పుడే విడుదల చేద్దామని నేనూ, పది పాటలయ్యాక ఆల్బమ్‌గానే రావాలని మా గిటారిస్టూ నెల్లాళ్లుగా పోట్లాడుకుంటున్నాం. మీరే తీర్పు చెప్పండి సార్!" అంటున్నాడు.

బాబూ, తీర్పులిచ్చేటంత పెద్దవాణ్ణి కాను. కాని యీ తగాదా నాకు కొత్తదేం కాదు. ఎందుకో చివర్న చెబుతాను. ముందు కాస్త కథ వినండి.

మా యింట్లో అటకమీద నాన్నగారి కాలపు రికార్డులు కొన్ని వున్నాయి. ఏడంగుళాల నల్లటి పళ్లాలు. నిమిషానికి 45 చుట్లు తిరుగుతాయి. అటు రెండు సినిమా పాటలు, యిటు రెండు. వాటినే ఈపీలు అంటారు... అంటే 'ఎక్స్‌టెండెడ్ ప్లే' అన్నమాట. పన్నెండంగుళాల పెద్ద రికార్డు కొనే స్తోమతు లేక, నచ్చిన నాలుగు పాటలతో సరిపెట్టుకునేవాళ్లమని నాన్నగారు యిప్పటికీ చెబుతుంటారు. ఆ చిన్న పళ్లెం పోయినా ఆ పేరు మాత్రం పోలేదు. యివాళ రాక్ బ్యాండ్లు నాలుగైదు పాటలు కలిపి ఫోన్లోకి వదిలినా దాన్ని ఈపీ అనే అంటున్నాం!

చిన్నది గదా అని చులకన చెయ్యకండి. బీటిల్స్ వాళ్లంతటి వాళ్లు 1967 డిసెంబరులో తమ టీవీ సినిమా 'మ్యాజికల్ మిస్టరీ టూర్' పాటల్ని బ్రిటన్‌లో ఎలా విడుదల చేశారనుకున్నారు? ఆరే పాటలు, రెండు ఈపీలు! అమెరికాలో ఈపీలకి గిరాకీ లేదని అక్కడి కంపెనీ ఆ ఆరింటికీ ఆ యేడాది సింగిల్స్‌గా వచ్చిన పాటలు కలిపి పెద్ద రికార్డు చేసేసింది. కొసరు కలిపింది వ్యాపారం, అంతే.

మెటాలికా సంగతి వినండి. 1986 సెప్టెంబరులో స్వీడన్‌లో బస్సు బోల్తాపడి వాళ్ల బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ పోయాడు. అతనికి ఇరవై నాలుగేళ్లు. జేసన్ న్యూస్టెడ్ కొత్తగా వచ్చి చేరాడు. పోయినవాడి స్థానంలో నిలబడ్డం తేలికా? అప్పుడు వాళ్లు పెద్ద ఆల్బమ్ జోలికి పోలేదు. తమకిష్టమైన వేరే బ్యాండ్ల పాటలు తీసుకుని, 1987లో అయిదు ట్రాకుల ఈపీ తెచ్చారు. పేరులోనే ధర పెట్టేశారు... అయిదు డాలర్ల తొంభై ఎనిమిది సెంట్లు! దుకాణదారు ఎక్కువ అడిగితే కుర్రాళ్లు పేరు చూపించి నిలదీయొచ్చు. నన్నడిగితే, ఆ ఈపీలో విరిగిన చెయ్యి మళ్లీ కదిలించి చూసుకుంటున్న మనిషి కనిపిస్తాడు.

యిక నాకు ప్రాణప్రదమైంది 'జార్ ఆఫ్ ఫ్లైస్'. అలిస్ ఇన్ చెయిన్స్ వాళ్లు 1993లో ఊళ్లు తిరిగి సియాటిల్ చేరేసరికి అద్దె బాకీపడి వుంటున్న ఇల్లు పోయింది. స్టూడియోలోనే మకాం పెట్టి, వారం రోజుల్లో ఏడు పాటలు కట్టి రికార్డు చేసేశారు. 1994 జనవరిలో వచ్చిన ఆ ఈపీ అమెరికా బిల్‌బోర్డు ఆల్బమ్‌ల పట్టికలో నేరుగా ఒకటో స్థానంలో దిగింది. అంతకుముందు ఏ ఈపీకీ దక్కని గౌరవం!

ఆ పేరు వెనక ఓ తమాషా వుంది. గిటారిస్టు జెర్రీ కాంట్రెల్ చిన్నప్పుడు బడిలో రెండు జాడీల్లో ఈగల్ని పెంచాడట. ఒకదాన్లో మేత దండిగా, రెండోదాన్లో తక్కువగా వేశాడట. దండిగా తిన్నవి పెరిగి పెరిగి, కిక్కిరిసి చచ్చాయి. తక్కువ తిన్నవే ఎక్కువకాలం బతికాయి. పది పాటలవాళ్లూ, వింటున్నారా?

అయితే మీ గిటారిస్టు మాట పూర్తిగా కొట్టిపారెయ్యను. నైన్ ఇంచ్ నెయిల్స్ వాళ్లు 2016, 2017లలో రెండు ఈపీలు తెచ్చారు. మూడోది 'బ్యాడ్ విచ్'. ఆరు పాటలూ, అరగంట. కాని 2018లో దాన్ని ఆల్బమ్‌గానే ప్రకటించారు. కారణం ట్రెంట్ రెజ్నరే చెప్పాడు: స్ట్రీమింగులో ఈపీల్ని సింగిల్స్ వరసలో పడేస్తారు, అక్కడ పడ్డది ఎవరి కంటా పడదు అని. నిజమే. చిన్నదానికి యివాళ గుంపులో తప్పిపోయే భయం వుంది.

కాని తప్పిపోవడం వేరు, అసలు పుట్టకపోవడం వేరు.

యిప్పుడు నా కథ. విశాఖలో డిగ్రీ చదివే రోజుల్లో మాకూ ఓ బ్యాండు వుండేది. మాకూ సరిగ్గా నాలుగు పాటలే. రికార్డు చేద్దాం రా అని మా డ్రమ్మరు బతిమాలాడు. "పదయితేగాని బయటికి రాకూడదు" అని పట్టుబట్టిన మొండిఘటం ఎవరనుకున్నారు? మీ యీ విలేఖరే! అయిదో పాట పూర్తికాకుండానే పరీక్షలొచ్చాయి. డ్రమ్మరుకి పూనాలో ఉద్యోగం వచ్చింది. రిహార్సల్ ఒకటి నా ఫోన్లో వుండేది, ఆ ఫోను బస్సులో పోయింది. యివాళ నాకు గుర్తున్నవి రెండు ట్యూన్లు, ఒక పల్లవి. మొన్న డ్రమ్మరు ఫోన్ చేసి, "ఆ మూడో పాట చరణం ఎలా వుండేదిరా?" అని అడిగాడు. చాలాసేపు ఆలోచించాను. రాలేదు. వాడికీ రాలేదు.

అందుచేత కాకినాడ తమ్ముడూ, ఆ నాలుగూ శుభ్రంగా రికార్డు చెయ్యండి. నలుగురి పేర్లూ వెయ్యండి. విడుదల చెయ్యండి. మిగతా ఆరూ వస్తే మంచిదే, రాకపోతే యీ నాలుగన్నా మిగుల్తాయి. విడుదలయ్యాక నాకో ఉత్తరం ముక్క రాయడం మరిచిపోకు.

వచ్చేవారం మళ్లీ కలుద్దాం!