ఇంటిపేరులో ఉన్నది ఊరే

రిచర్డ్ అటెన్‌బరో తీసిన ‘గాంధీ’ సినిమా 1982లో వచ్చింది. మరుసటి ఏడాది ఎనిమిది ఆస్కార్ అవార్డులు గెలుచుకుంది. ఆయన తమ్ముడు డేవిడ్ అటెన్‌బరో ఏడు దశాబ్దాలుగా అడవుల గురించి, సముద్రాల గురించి, పక్షుల గురించి టీవీలో చెబుతూనే ఉన్నారు. ఆయన గొంతు వినని దేశం లేదు. ఈ అన్నదమ్ముల వల్ల ప్రపంచమంతటికీ తెలిసిపోయిన ఈ ఇంటిపేరు వాళ్ల సొంత దేశంలో మాత్రం అరుదైనది. బ్రిటన్‌లో స్మిత్ అనే ఇంటిపేరు గలవాళ్లు ఐదు లక్షల మందికి పైనే ఉంటారు. అటెన్‌బరోల సంఖ్య అందులో ఏ మూలకూ రాదు.

ఇంత అరుదైన పేరు ఎక్కడ పుట్టింది, అంటే ఏమిటి, ఎందుకు కొద్దిమందికే మిగిలింది అన్న ప్రశ్నలు పైకి ఇంగ్లండ్‌కే సంబంధించినవిగా కనిపిస్తాయి. వాటికి దొరికిన జవాబులు మాత్రం ఇంటిపేరు వినగానే మనిషిని అంచనా వేసే అలవాటున్న ప్రతి సమాజానికీ పనికొస్తాయి. తెలుగు సమాజం అందులో ముందు వరసలోనే ఉంది.

అటెన్‌బరో నిజానికి ఒక ఊరు. నాటింగ్‌హాం నగరానికి నైరుతి దిక్కున, ట్రెంట్ నది ఒడ్డున ఉంటుంది. అక్కడి సెయింట్ మేరీ చర్చి పక్కనున్న ఇంట్లోనే 1611లో హెన్రీ ఐర్టన్ పుట్టాడు. రాజు మొదటి చార్లెస్‌కు మరణశిక్ష విధించిన పత్రం మీద సంతకం పెట్టిన వాళ్లలో అతనొకడు, ఆలివర్ క్రామ్‌వెల్‌కు అల్లుడు. ఇరవయ్యో శతాబ్దంలో ఊరి పక్కన నదీతీరమంతా కంకర కోసం తవ్వారు. ఆ గోతుల్లో నీళ్లు నిలిచి చెరువులయ్యాయి, చెరువుల మీదికి పక్షులు చేరాయి. 1966లో ఆ ప్రాంతాన్ని ప్రకృతి సంరక్షణ కేంద్రంగా ప్రారంభించడానికి వచ్చిన అతిథి డేవిడ్ అటెన్‌బరోయే.

ఊరి పేరుకు అర్థం వెతికితే పన్నెండు వందల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. ప్రాచీన ఆంగ్లంలో ‘బుర్హ్’ అంటే చుట్టూ గోడో కట్టో ఉన్న కోటలాంటి చోటు. పీటర్‌బరో చివర ఉన్న ‘బరో’ అదే. కాంటర్‌బరీ చివర ఉన్న ‘బరీ’ కూడా దాని మరో రూపమే. ముందున్న భాగం ‘అడ్డ’ అనే మనిషి పేరని స్థలనామ పరిశోధకులు చెబుతారు. అంటే అది అడ్డ కోట. ఆ అడ్డ ఎవరో ఏ పుస్తకంలోనూ లేదు. అతని పేరు మాత్రం ఊరిలో కలిసి, ఊరి నుంచి ఇళ్లలోకి చేరి ఇప్పటికీ నడుస్తోంది.

ఈ ఇంటిపేరుకు మరో వివరణ కూడా ఉంది. మధ్యయుగపు ఆంగ్లంలో ‘అట్టెన్’ అంటే ‘ఫలానా దాని దగ్గర’ అని. కోట దగ్గరో, దిబ్బ దగ్గరో, తోపు దగ్గరో కాపురమున్న మనిషికి ఆ గుర్తే పేరై ఉండవచ్చు. ఇంగ్లండ్‌లో ఇలాంటి పేర్లు చాలా ఉన్నాయి. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నాటి బ్రిటిష్ ప్రధాని క్లెమెంట్ అట్లీ ఇంటిపేరుకు అర్థం పచ్చికబయలు దగ్గరి వాడని. ఆట్‌వుడ్ అంటే అడవి దగ్గరి వాడు. ‘యాష్’ చెట్టు దగ్గర ఉండేవాడిని ‘అట్టెన్ యాష్’ అంటూ ఉంటే, ముందు మాట చివరి నకారం వెనక మాటకు అంటుకుని నాష్ అనే కొత్త ఇంటిపేరు పుట్టింది.

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలుచుకునే నాటికి అక్కడి మామూలు మనిషికి ఉన్నది ఒక్క పేరే. తండ్రి నుంచి కొడుక్కి దిగే ఇంటిపేరు మొదట భూస్వాములకు వచ్చింది. తమ ఎస్టేటు పేరును వాళ్లు తమకు తగిలించుకున్నారు. తరవాతి మూడు వందల ఏళ్లలో ఆ అలవాటు రైతులకు, కూలీలకు కూడా చేరింది. ఒకే ఊళ్లో పదిమంది జాన్‌లు ఉంటే పన్ను ఎవరు కట్టారో, పొలం ఎవరిదో తేల్చాలి. 1377, 1379, 1381 సంవత్సరాల్లో వేసిన తలపన్ను చిట్టాల నిండా ఈ పేర్లు కనిపిస్తాయి. 1400 ప్రాంతానికి చాలా కుటుంబాలకు స్థిరమైన ఇంటిపేరు ఏర్పడింది. 1538 నుంచి బాప్తిస్మాలను, పెళ్లిళ్లను, ఖననాలను ప్రతి చర్చీ రిజిస్టర్‌లో రాయాలన్న ఆజ్ఞ రావడంతో ఆ పేర్లు కాగితం మీద నిలిచాయి.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. భూస్వాములను పక్కనపెడితే, ఊరి పేరు ఇంటిపేరుగా మారేది ఎక్కువగా ఆ ఊరు వదిలి వెళ్లిన వాళ్లకే. అటెన్‌బరోలో ఉన్నంత కాలం అందరూ అటెన్‌బరో వాళ్లే కాబట్టి ఆ గుర్తుతో పనే లేదు. పొరుగూరికి వెళ్లి స్థిరపడ్డాకే ‘ఆ అటెన్‌బరో నుంచి వచ్చినాయన’ అని అక్కడి వాళ్లు పిలుస్తారు. ఆ లెక్కన ఇలాంటి ప్రతి ఇంటిపేరు వెనకా ఒక వలస ఉంది. చాలా వలసలు చిన్నవే. రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో స్టేపుల్‌ఫర్డ్‌లో పుట్టాడు. అటెన్‌బరో ఊరికి అది కొద్ది కిలోమీటర్ల దూరం. శతాబ్దాలు గడిచినా ఆ ఊరికి దగ్గర్లోనే ఆ పేరు కనిపించింది.

అరుదుతనానికి కారణం కూడా ఇందులోనే ఉంది. కమ్మరి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. అందుకే కమ్మరి అని అర్థమిచ్చే స్మిత్ దేశమంతటా వేల చోట్ల విడివిడిగా పుట్టింది. అటెన్‌బరో అనే ఊరు ఒక్కటే. అక్కడి నుంచి కదిలిన ఒకటి రెండు కుటుంబాలే ఆ పేరుకు మూలం కాగలవు. అలా కొద్దిమందితో మొదలైన పేరుకు ఎప్పుడూ గండమే. 1348, 1349లలో వచ్చిన ప్లేగు మహమ్మారి ఎన్నో ఇళ్లను తుడిచిపెట్టింది. రోగాలు రాని కాలంలోనూ మగపిల్లలు లేని ఇంట పేరు ఆగిపోయేది. ఇంటిపేర్లు ఎందుకు అంతరిస్తాయో లెక్క వేసి చెప్పమని 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక పత్రికలో సవాలు విసిరాడు. హెన్రీ వాట్సన్ అనే మతాచార్యుడు దాన్ని గణితంలో పట్టుకునే ప్రయత్నం చేశాడు. వాళ్లిద్దరి పేరుతో నిలిచిన ఆ గణితాన్ని తరవాత అణు విస్ఫోటంలోని గొలుసు చర్యలకు, అంటురోగాల వ్యాప్తికి కూడా వాడుతున్నారు. ఒక తరంలో నలుగురు కొడుకులున్న ఇంటి పేరు పెరుగుతుంది, అందరూ కూతుళ్లే అయిన ఇంటి పేరు ఆగిపోతుంది. అందులో గొప్పతనమూ లేదు, తక్కువతనమూ లేదు. అంతా యాదృచ్ఛికమే.

బ్రిటన్, ఐర్లండ్‌ల ఇంటిపేర్ల మీద ఆక్స్‌ఫర్డ్ వారు 2016లో నాలుగు సంపుటాల నిఘంటువు ప్రచురించారు. అందులో 45 వేలకు పైగా పేర్లకు పుట్టుక, అర్థం, తొలి ఆధారాలు, ఎంతమందికి ఉన్నాయన్న వివరాలు ఉన్నాయి. ఒక దేశం తన మామూలు మనుషుల పేర్లకు ఇచ్చిన గౌరవం అది.

ఇంటిపేరుకు, రక్తసంబంధానికి ఉన్న ముడిని పరీక్షించింది లెస్టర్ విశ్వవిద్యాలయం. అది కాలేజీగా ఉన్న రోజుల్లో, 1932 నుంచి 1951 వరకు దాని ప్రిన్సిపాల్ ఫ్రెడరిక్ అటెన్‌బరోయే. ఆయన స్వయంగా ప్రాచీన ఆంగ్ల పండితుడు. ఇంగ్లండ్ తొలి రాజుల చట్టాలను పరిష్కరించి 1922లో అచ్చువేశాడు. అదే విశ్వవిద్యాలయంలో 1984లో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ వేలిముద్రలను కనిపెట్టాడు. ఆ తరవాత టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే జన్యుశాస్త్రవేత్తలు ఇంటిపేర్ల వైపు తిరిగారు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది. ఇంగ్లండ్‌లో ఇంటిపేరూ అంతే. అలాంటప్పుడు ఈ రెండూ కలిసి నడుస్తున్నాయా అన్నది వాళ్ల ప్రశ్న.

ఐదు వందలకు పైగా ఇంటిపేర్లున్న రెండున్నర వేల మందికి పైగా పురుషుల నమూనాలు సేకరించారు. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు ఆ పేరు ద్వారా ఒకే మూలపురుషుడికి చేరే అవకాశం 24 శాతమేనని తేలింది. అరుదైన ఇంటిపేరైతే అది దాదాపు 50 శాతానికి పెరిగింది. తరవాత దగ్గరి చుట్టాలను పక్కనపెట్టి 40 ఇంటిపేర్లను లోతుగా చూశారు. అటెన్‌బరోలలో 70 శాతానికి పైగా పురుషులది ఒకే రకం లేదా దాదాపు ఒకే రకం వై క్రోమోజోమ్. స్మిత్‌లు మాత్రం పరస్పరం ఏ సంబంధమూ లేని అపరిచితుల్లా తేలారు.

అటెన్‌బరోల ఫలితం నిజంగా అబ్బురమే. ఏడు వందల ఏళ్లుగా ఒక పేరూ, ఒక క్రోమోజోమూ చేతులు పట్టుకుని నడిచాయి. అయితే మిగతా వాళ్ల సంగతి మరవకూడదు. ఇంత అరుదైన పేరులో కూడా కొందరు ఆ వంశధారకు చెందలేదు. పెంపకానికి వచ్చిన పిల్లలుండవచ్చు, తల్లి ఇంటిపేరు పెట్టుకున్నవాళ్లు ఉండవచ్చు, ఆస్తి కోసం పేరు మార్చుకున్నవాళ్లూ ఉండవచ్చు. వాళ్లూ అటెన్‌బరోలే.

ఇదే బృందం 2007లో మరో సంగతి బయటపెట్టింది. తూర్పు యార్క్‌షైర్‌లో ఒక అరుదైన ఇంటిపేరున్న 18 మందిని పరీక్షిస్తే, ఏడుగురిలో పశ్చిమ ఆఫ్రికా మూలానికి చెందిన వై క్రోమోజోమ్ కనిపించింది. వాళ్ల వంశవృక్షాలు పద్దెనిమిదో శతాబ్దం చివర యార్క్‌షైర్‌లో బతికిన ఇద్దరి దాకా వెళ్లి ఆగాయి. చూడ్డానికి తెల్లవాళ్లు, పేరు చూస్తే అచ్చమైన ఇంగ్లిష్. మూలంలో మాత్రం ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చిన పూర్వీకుడు ఉన్నాడు.

రాజవంశాలకూ మినహాయింపు లేదు. 2012లో లెస్టర్ నగరంలో ఒక కారు పార్కింగ్ కింద దొరికిన అస్థిపంజరం రాజు మూడో రిచర్డ్‌దని గుర్తించిన పరిశోధనలో జన్యు విభాగానికి నాయకత్వం వహించింది టూరీ కింగే. తల్లి వైపు డీఎన్ఏ సరిపోయింది. తండ్రి వైపు వంశధారలో ఉన్నామనుకునే ఐదుగురి వై క్రోమోజోమ్‌లతో పోల్చితే ఒక్కటీ రాజుతో కలవలేదు. ఆ ఐదుగురిలోనూ ఒకరిది మిగతా నలుగురితో కలవలేదు. చరిత్రకారులు తరతరాలుగా రాసి పెట్టిన రాజవంశవృక్షంలోనే కొమ్మ ఎక్కడో మారింది.

ఇంటిపేరును వంశ గౌరవానికి కొలమానంగా వాడేవాళ్లు ఈ ఆధారాలను తీరిగ్గా చదవాలి. పది తరాలు వెనక్కి వెళ్తే ప్రతి మనిషికీ పూర్వీకుల స్థానాలు 1,024 ఉంటాయి. ఇంటిపేరు తెచ్చి ఇచ్చినవాడు వాళ్లలో ఒక్కడు. మిగిలిన 1,023 మందిని, వాళ్లలో ఉన్న తల్లులందరినీ ఆ పేరు లెక్కలోకే తీసుకోదు. మన దేశంలోనూ వంశాలు మొదటి నుంచీ విడివిడిగా లేవు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు హార్వర్డ్ వారితో కలిసి 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు భారతదేశంలోని దాదాపు అన్ని సమూహాలూ ఒకదానితో ఒకటి కలిశాయి. ఎవరి మధ్య వారే పెళ్లిళ్లు చేసుకోవడం బలపడింది ఆ తరవాతే.

తెలుగు ఇంటిపేర్లలో కూడా పెద్ద భాగం ఊళ్ల పేర్లే. అద్దంకి, చీమకుర్తి, కొలనుపాక, ధర్మపురి ఉన్నవి ఉన్నట్టే ఇంటిపేర్లుగా నిలిచాయి. నెల్లూరు నెల్లూరి అయింది, కొండవీడు కొండవీటి అయింది. ఇవన్నీ ఊరు వదిలి వెళ్లిన వాళ్ల గుర్తులే. ఒకే ఊరి నుంచి రకరకాల కులాల వాళ్లు కదిలారు కాబట్టి ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో కనిపిస్తుంది. అయినా అద్దె ఇల్లు అడగడానికి వెళ్లినప్పుడు, కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు ‘మీ ఇంటిపేరేమిటి’ అనే ప్రశ్న కులం ఆరా తీయడానికే ఎక్కువగా వస్తోంది. ఆ బాధ తప్పించుకోవడానికి చాలామంది ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించుకున్నారు. దాంతో పేరులో దాగిన ఊరూ పోయింది. విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లల్లో చాలామందికి తమ పేరు చివర ఉన్నది ఒక ఊరని కూడా తెలియదు.

మళ్లీ అటెన్‌బరోల దగ్గరికి వస్తే, ఫ్రెడరిక్ అటెన్‌బరో కుటుంబం 1939లో జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన ఇద్దరు యూదు అక్కచెల్లెళ్లను ఇంట్లో పెట్టుకుని, తమ ముగ్గురు కొడుకులతో పాటు పెంచింది. ఆ ఇంటి చరిత్ర రాసే వాళ్లెవరూ ఆ పిల్లలను వదిలి రాయరు. వై క్రోమోజోమ్ పరీక్షలో మాత్రం వాళ్ల జాడ ఎప్పటికీ దొరకదు.

తెలుగునాట ఇంటిపేర్ల చరిత్రను ఇలా మనుషుల చరిత్రగా నమోదు చేసే పని బడుల నుంచే మొదలుకావాలి. తొమ్మిదో తరగతి పిల్లలకు సాంఘిక శాస్త్రంలో ఒక ప్రాజెక్టు ఇస్తే చాలు. ఇంటిపేరు ఏ ఊరిది, ఆ ఊరు ఇప్పుడుందా, అక్కడి నుంచి ఎవరు, ఏ కరువుకో, కాలువకో, కొలువుకో కదిలారు అన్నది ఇంట్లో పెద్దల నోట విని రాయాలి. వీలైతే ఆ ఊరికి వెళ్లి చూసి రావాలి. ఆ కాగితంలో కులం గడి అక్కర్లేదు. అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి పేర్లకు మాత్రం తప్పకుండా ఒక గడి ఉండాలి.