కిమోనో పక్కన పెట్టాక

కిమోనో తొడుక్కుని పియానో ముందు కూర్చుంటే టికెట్లు తెగేవి.

1956 నాటి అమెరికా సంగతి. ఇరవయ్యారేళ్ల జపాన్ అమ్మాయి బోస్టన్‌లో దిగింది. జపాన్ ఓడిపోయి అప్పటికి పదకొండేళ్లే. ఆ అమ్మాయి వేళ్లు పరిగెడితే అచ్చం బడ్ పవెల్ వాయించినట్టు ఉండేది. బడ్ పవెల్ అంటే బీబాప్ అనే వేగవంతమైన జాజ్ పద్ధతికి పియానో మీద రూపం ఇచ్చిన నల్లజాతి కళాకారుడు. అదే ఏడాది ‘వాట్స్ మై లైన్’ అనే టీవీ ఆటలోకి కూడా ఆ అమ్మాయిని పిలిచారు. వచ్చిన మనిషి ఏం పని చేస్తుందో నలుగురు ప్రముఖులు ప్రశ్నలేసి కనిపెట్టాలి. జపాన్ పిల్ల, పైగా జాజ్ వాయిస్తుంది అంటే ఆటకు అంతకన్నా మంచి పొడుపుకథ ఏముంటుంది?

ఆ అమ్మాయి పేరు తొషికో అకియోషి. తనకు మొదట్లో వచ్చిన పేరంతా వాయిద్యం గొప్పదనం వల్ల కాదనీ, జపాన్ ఆడపిల్ల కిమోనోలో కూర్చుని బడ్ పవెల్‌లా వాయించడం జనానికి వింతగా తోచడం వల్లేననీ ఏళ్ల తర్వాత ఆవిడే నవ్వుతూ చెప్పుకుంది. ఈ ఒక్క మాట కోసమే ఆవిడంటే నాకు గౌరవం. చప్పట్లు వినపడుతున్నప్పుడు, అవి పాటకా చీరకా అని అడిగే ధైర్యం ఎందరికి ఉంటుంది?

ఆవిడ పుట్టింది జపాన్‌లో కూడా కాదు. 1929 డిసెంబర్‌లో, మంచూరియాలోని లియావోయాంగ్‌లో. రెండేళ్లు తిరక్కుండానే జపాన్ సైన్యం మంచూరియాను ఆక్రమించడం మొదలుపెట్టింది. అంటే ఆ ఇల్లు పరాయి నేల మీద దొరల ఇల్లు. పియానో పాఠాలు, స్థితిగతులు అన్నీ అక్కడే. 1945లో యుద్ధం ముగియగానే అదంతా పోయింది. మరుసటేడు చేతికందిన మూటలతో ఓడెక్కి, క్యూషూ దీవిలో వేడినీటి బుగ్గలకు పేరుపడ్డ బెప్పు అనే ఊరు చేరారు. కాందిశీకులన్నమాట.

కాందిశీకులంటే ఉత్తరాంధ్రలో పెద్దవాళ్లకు రంగూన్ గుర్తుకొస్తుంది. 1942లో బర్మాలోకి జపాన్ సైన్యం చొరబడితే, అక్కడ తరాలుగా బతుకుతున్న తెలుగువాళ్లు అడవులూ కొండలూ దాటుకుంటూ నడిచొచ్చారు. విశాఖ మీద జపాన్ బాంబులు పడింది కూడా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. మనవాళ్లను తరిమిన జెండా కింద పుట్టిన పిల్లే, మూడేళ్ల తర్వాత అదే జెండా దిగిపోగానే మనవాళ్లలాగే రోడ్డున పడింది. చరిత్ర ఎవరి లెక్క ఎక్కడ సరిచేస్తుందో చెప్పలేం.

బెప్పులో వాళ్లింట్లో పియానో లేదు. అమెరికన్ సైనికుల కోసం వెలిసిన డాన్స్ హాళ్లకు మాత్రం పియానో వాయించేవాళ్లు కావాలి. తండ్రికేమో కూతురు డాక్టరు కావాలని. (ఈ ముక్క దగ్గర తెలుగు పాఠకులు తప్పకుండా నవ్వుకుంటారు.) పియానో ముట్టుకోవచ్చు కదా అనే ఆశతో ఆ పిల్ల డాన్స్ హాలు పనిలో చేరింది. అక్కడ రికార్డులు పోగుచేసే ఒకాయన జాజ్ పియానిస్టు టెడ్డీ విల్సన్ వాయించిన ‘స్వీట్ లొరేన్’ వినిపించాడు. ముత్యాలు దొర్లించినట్టుండే ఆ వాయిద్యం విన్న రోజునే డాక్టరు చదువు కథ ముగిసింది. తర్వాత టోక్యో. 1953లో పర్యటనకు వచ్చిన జాజ్ పియానిస్టు ఆస్కార్ పీటర్సన్ ఆవిడ వాయించడం విని, నిర్మాత నార్మన్ గ్రాంజ్‌కి చెబితే, పీటర్సన్ పక్కవాద్యగాళ్లనే కూర్చోబెట్టి రికార్డు చేయించారు. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత పాఠశాల నుంచి పూర్తి స్కాలర్‌షిప్ వచ్చింది. అక్కడ చేరిన తొలి జపాన్ విద్యార్థి ఆవిడే.

ఆ రోజుల్లో అమెరికా తలుపు ఎంత సందు తెరుచుకునేదో కూడా చెప్పాలి. 1952 చట్టం ప్రకారం ఏడాది మొత్తానికి జపాన్ నుంచి స్థిరపడడానికి 185 మందికి అనుమతి. మన దేశానికి 100. కోట్లమంది జనానికి రెండు బస్సులో నాలుగు బస్సులో నిండేంత. ఈ లెక్కలు మారింది 1965 చట్టంతో. మన భీమవరంలో పుట్టిన వైద్య పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల ఆరంభంలో దిగిందీ ఈ బోస్టన్‌లోనే. అక్కడ ఆయన ఆస్పత్రిలో రాత్రిపూట ఊడిగం చేసి చదువుకున్నారు. విద్యార్థిగా రావచ్చు, వాయించవచ్చు, పరిశోధన చేయవచ్చు, ‘మావాడు’ అనిపించుకోవడం మాత్రం వేరే సంగతి.

చదువయ్యాక కిమోనో వింత పాతబడింది. ఎవరైనా ఎన్నిసార్లని వింత చూస్తారు? 1959లో చార్లీ మరియానో అనే శాక్సఫోన్ కళాకారుడిని పెళ్లాడింది. కూతురు పుట్టింది. ఆ పెళ్లి 1967లో తెగిపోయింది. కథకు కొంచెం పక్కకు వెళ్తున్నానుగానీ ఈ మరియానోను వదల్లేను. ఆయన తర్వాత మన నాగస్వరం మోజులో పడ్డాడు. నేర్చుకుని, జాజ్ కచేరీల్లో ఊదాడు. బెంగళూరులోని కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ వాళ్లతో కలిసి రికార్డులు చేశాడు. పెళ్లిళ్లలో మనం పట్టించుకోకుండా భోజనాల వైపు పరిగెత్తే ఆ వాద్యం కోసం బోస్టన్ మనిషి ఇంతదూరం వచ్చాడు.

హోటల్ లాంజ్‌లలో తాగేవాళ్ల మాటల మధ్య పియానో వాయించి కూడబెట్టిన డబ్బుతో, 1967లో న్యూయార్క్ టౌన్ హాల్‌లో తన సొంత రచనలతో కచేరీ పెట్టుకుంది తొషికో. పిలిచేవాళ్లు లేకపోతే హాలు తానే తీసుకుంది.

ఆవిడకు గుర్తింపు పాటలాంటి రచన ఒకటుంది. పేరు ‘లాంగ్ యెల్లో రోడ్’, పొడవైన పసుపు దారి. 1960ల ఆరంభంలో మరియానోతో కలిసి చిన్న బృందంతో వాయించింది, తర్వాత పెద్ద బృందానికి మళ్లీ రాసింది. నాకు ఆ పేరులో రెండు పసుపులు వినిపిస్తాయి. ఒకటి మంచూరియా దుమ్ము దారి, చిన్నప్పుడు కళ్లల్లో పడ్డ మట్టి. రెండోది తూర్పు ఆసియావాళ్ల చర్మానికి తెల్లవాళ్లు అంటగట్టిన రంగు. తిట్టుగా వాడే మాటను తీసుకుని ఇంటిపేరులా పెట్టుకోవడం అది. పాటలో ఏడుపు లేదు, ఫిర్యాదు లేదు. నడక ఉంది. చాలా దూరం నడిచి, ఇంకా కాళ్లలో సత్తువ ఉన్న మనిషి నడక.

అయినా ఆవిడ వలస అసలు రూపంలో సంగీతంలోకి దిగింది 1974లో. రెండో భర్త లూ తబాకిన్‌కి టీవీ వాద్యబృందంలో ఉద్యోగం కాబట్టి ఇద్దరూ 1972లో లాస్ ఏంజెలెస్ మారారు. మరుసటేడు పదహారుమందితో బృందం కట్టారు. భర్త శాక్సఫోన్, వేణువు వాయించేవాడు. భార్య ప్రతి స్వరమూ రాసేది. 1974 మార్చిలో ఫిలిప్పీన్స్ లుబాంగ్ దీవి అడవిలోంచి హిరో ఒనొడా అనే జపాన్ సైనికుడు బయటికొచ్చాడు. యుద్ధం ముగిసిందంటే నమ్మక దాదాపు ముప్ఫై ఏళ్లు అడవిలోనే తుపాకీ తుడుచుకుంటూ గడిపిన మనిషి. చివరికి అతని పాత అధికారిని తీసుకెళ్లి, ‘ఇక చాలు’ అని ఆజ్ఞ ఇప్పిస్తే తప్ప లొంగలేదు. ఆవిడ ఈ కథ మీద రాసిన రచన పేరు ‘కొగున్’. ఒంటరి సైన్యం అని అర్థం.

మొదట డ్రమ్స్ రావు, ట్రంపెట్లూ రావు. జపాన్ సంప్రదాయ ‘నో’ నాటకాల్లో వినిపించే గొంతు, ఎక్కడో లోయ అడుగు నుంచి లేచినట్టు ఒక కేక. వెంటనే త్సుజుమి మీద ఒక్క దెబ్బ. త్సుజుమి అంటే మన డమరుకం ఆకారంలో నడుము సన్నగా ఉండే డోలు. కుడి భుజం మీద పెట్టుకుని, ఎడమ చేత్తో తాళ్లు నొక్కుతూ వదులుతూ, కుడి చేత్తో కొడతారు. తాడు బిగింపును బట్టి నాదం మారుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి లెక్క లేదు, ఊపిరే లెక్క. మన ఆలాపనలో కాలం ఎలా సాగుతుందో అలా. జాజ్ అలా కాదు. అడుగు అడుగుకీ ఊగే లయ దాని ప్రాణం. ఈ రెండు కాలాలూ ఒకదానిలో ఒకటి ఇమడవు.

ఇక్కడే ఆవిడ తెలివి. ఇమిడ్చే ప్రయత్నమే చేయలేదు. త్సుజుమిని డ్రమ్స్‌కి తాళం వేసే పనిమనిషిగా మార్చలేదు. దాని కాలం దానిదే, బృందం కాలం బృందానిదే. రెంటినీ పక్కపక్కన నిలబెట్టింది. మధ్యలో తబాకిన్ వేణువు దారి తప్పిన మనిషిలా తిరుగుతుంటుంది. వింటుంటే నాకు ఒనొడా కనిపించడు, తొషికోయే కనిపిస్తుంది. చెవిలో ఒక దేశం, కాలి కింద మరో దేశం.

నల్లజాతి జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ తన జాతి చరిత్రను సిగ్గుపడకుండా తన సంగీతంలో నిలిపాడన్న సంగతి ఆవిడ మీద బాగా పనిచేసింది. ఆయన దారి అదైతే నా దారి ఏమిటి అని వెతుక్కుంది. కిమోనో ఒంటి మీద ఉన్నన్నాళ్లూ సంగీతం బడ్ పవెల్‌ది. కిమోనో పక్కన పెట్టాక, జపాన్ సంగీతం లోపలికి వచ్చింది.

న్యూజెర్సీలో మా బంధువులింట్లో హాలు గోడకు వీణ తగిలించి ఉంటుంది. దుమ్ము పడకుండా చక్కగా తుడుస్తారు. ఎవరూ వాయించరు. నేనేమీ వెక్కిరించడం లేదు. పరాయి ఊళ్లో గోడ మీదైనా వీణ ఉండడం వాళ్లకు ఎంత ఆసరానో నాకు తెలుసు. కానీ అదీ ఒక కిమోనోయే. అమెరికా తెలుగువాళ్ల వలస కథల్లో వచ్చింది, కవిత్వంలో వచ్చింది. వీసా క్యూలూ, మంచు కురిసే రాత్రి ఒంటరి షిఫ్టులూ, అమ్మానాన్నల ఆఖరి చూపు దక్కని విమాన ప్రయాణాలూ పాటగా ఎక్కడున్నాయి? మన సభల్లో ఇక్కడి సినిమా పాటలే అక్కడ పాడతారు, ఇక్కడి గాయకులనే అక్కడికి తీసుకెళ్తారు. ఎవరైనా ఎక్కడో రాస్తూ ఉంటే ముందుగా వినడానికి నేను సిద్ధం.

పరాయివాళ్లు జాజ్ వాయించడం ఏమిటని అడిగేవాళ్లు ఆ రోజుల్లోనూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తొషికో మీద 1983లో వచ్చిన డాక్యుమెంటరీ పేరే ‘జాజ్ ఈజ్ మై నేటివ్ లాంగ్వేజ్’. జాజ్ నా మాతృభాష అని. మనకు ఇది కొత్తగా అనిపించకూడదు. వయొలిన్ ఎక్కడిది? ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరంలో కమాను పట్టాక దాన్ని పరాయి వాద్యమని ఎవరన్నారు? పాలకొల్లు శ్రీనివాస్ చేతిలో మాండలిన్‌ని ఎవరు అడ్డుకున్నారు?

1976లో ‘ఇన్‌సైట్స్’ రికార్డులో ఆవిడ ‘మినమాత’ అనే ఇరవై నిమిషాల పైచిలుకు రచన పెట్టింది. మినమాత కూడా క్యూషూ దీవిలోదే, జాలర్ల ఊరు. చిస్సో అనే కంపెనీ ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసపు విషం చేపల్లోకి, చేపల్లోంచి మనుషుల్లోకి పాకింది. మొదట పిల్లులు పిచ్చెత్తి గెంతులేశాయి. తర్వాత పిల్లల చేతులు వంకర్లు పోయాయి. ఈ జబ్బును అధికారికంగా గుర్తించింది 1956లో, అంటే తొషికో బోస్టన్‌లో దిగిన ఏడాదే. కారణం కంపెనీయేనని ప్రభుత్వం ఒప్పుకోవడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. ఫ్యాక్టరీల కాలుష్యం చవిచూసిన పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. రచన మొదలయ్యేది ఒక పసి గొంతుతో. పాడింది ఆవిడ కూతురే. ప్రశాంతమైన పల్లె, ఆ తర్వాత సంపద, దాని పర్యవసానం. దేశం వదిలిన మనిషి దేశాన్ని పొగుడుతూ పాడడం తేలిక, డాలర్లతోపాటు ఆ పాటా పంపవచ్చు. ఆవిడ మాత్రం తన దేశం దాచిపెట్టిన పుండును లాస్ ఏంజెలెస్ బృందంతో వాయించింది.

2001 ఆగస్టు 6న హిరోషిమాలోనే హిరోషిమా మీద రాసిన రచన వాయించింది. ఒక బౌద్ధ గురువు అడిగితే, బాంబు ఫొటోలు చూసి మొదట రాయలేననుకుందట. నేలమాళిగలోంచి బయటికి వస్తూ చిన్నగా నవ్వుతున్న ఒక అమ్మాయి ఫొటో చూశాక ఒప్పుకుంది. చివరి భాగానికి ‘హోప్’ అని పేరు పెట్టింది.

లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ వచ్చాక ఏళ్ల తరబడి సోమవారం సోమవారం బర్డ్‌ల్యాండ్ క్లబ్బులో వాయించిన ఆ బృందాన్ని 2003లో ఆవిడే మూసేసింది. పియానో సాధనకు టైం చాలడం లేదంది. డౌన్‌బీట్ పత్రిక పాఠకుల ఓటింగ్‌లో స్వరకర్తగా, అరేంజర్‌గా మొదటి స్థానం తెచ్చుకున్న తొలి మహిళ ఆవిడ. గ్రామీకి పద్నాలుగుసార్లు పేరు వెళ్లింది. ఒక్కసారీ ఇవ్వలేదు. అది గ్రామీకి నష్టం అని రాద్దామనుకున్నానుగానీ, ఆవిడకీ నష్టమే.

మీరు వినాలనుకుంటే ‘మినమాత’తో మొదలుపెట్టకండి, బరువు. ముందు ‘లాంగ్ యెల్లో రోడ్’ 1975 నాటి పెద్ద బృందం రికార్డు వినండి. తర్వాత ఒక రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ‘కొగున్’ పెట్టుకోండి. మొదటి నిమిషంలో ఆ కేక విని సౌండు తగ్గించకండి. డోలు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఏమీ వినపడకపోతే ఫోన్ ఆగిపోయిందనుకోకండి.