నడవమంటే చాలునా? దారి ఉండవద్దా?



షుగరు, బి.పి. ఉన్నవారికి "రోజూ అరగంట నడవండి" అని మేము చెప్పని రోజు లేదు. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతున్నది. మందుచీటీ మీద రాయడం తేలికే. నడవడానికి దారి ఏది?

విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం చుట్టుపక్కల వీధులనే తీసుకుందాం. మద్దిలపాలెం, సిరిపురం, పెదవాల్తేరు వైపు నడిచేవారు విద్యార్థులు మాత్రమే కారు. పెదవాల్తేరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రికి వచ్చే చూపు మందగించినవారు, చేతికర్ర పట్టిన వృద్ధులు కూడా ఉన్నారు. ఫుట్‌పాత్ లేనిచోట వీరు వాహనాల మధ్యకే దిగాలి. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది పాదచారులే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం అడ్డంకి లేని నడకదారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. స్తంభాలు, పూలకుండీలు, తోపుడుబండ్లు ఆ వెడల్పులోకి రాకుండా రోడ్డు అంచున వేరే జాగా వదలాలి. చిన్న వ్యాపారులను తరిమేయమని మేము అనడం లేదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారికీ రక్షణ ఇస్తున్నది. తగ్గవలసింది గంటలకొద్దీ నిలిపి ఉంచే కార్ల జాగా అని మా అభిప్రాయం.

ఇక చెట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలో వేలాది చెట్లను కూల్చింది. తరువాత త్వరగా పెరుగుతుందని ఏడాకుల చెట్టును వీధుల వెంట విరివిగా నాటారు. అది పూసే రోజుల్లో ఘాటు వాసనకు ఊపిరి సలపడం లేదని నగరవాసులు ఫిర్యాదు చేస్తున్నారు. ఉబ్బసం ఉన్నవారి సంగతి చెప్పాలా? అందం ఒక్కటే చూసి మొక్క నాటరాదు. వేప, కానుగ, పొగడ వంటి నీడనిచ్చే చెట్లు మనకు ఉన్నాయి. వాటి మొదళ్ళ వరకు సిమెంటు పోయకుండా నేల వదిలితే వేళ్ళకు నీరు అందుతుంది.

నడిచేవారికి ఫుట్‌పాత్ ఉండడం రాజ్యాంగం 21వ అధికరణ కింద హక్కు అని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. కనుక ఇది ఎవరి దయా కాదు. మీ వీధిలో ఫుట్‌పాత్ ఎక్కడ తెగిందో, ఎక్కడ నీడ లేదో రాసి, ఇరుగుపొరుగువారితో సంతకాలు చేయించి నగరపాలక సంస్థకు ఇవ్వండి. మంచి దారి ఉంటే సగం మందు ఇంటి ముందే ఉన్నట్టు.