కొండపాదముల రైలుదారి



మన మారిషస్ ద్వీపమున 1864లో ఉత్తర రైలుమార్గమును, 1865లో పోర్ట్ లూయిస్ నుండి మాయెబూర్ వరకు మధ్య మార్గమును తెరువబడినవి. పిదప రోజ్‌హిల్ వద్ద ఒక శాఖామార్గము చీలి, మోకా, సేన్ ప్యేర్, కార్త్యే మిలితేర్, మోంతాఞ్ బ్లాంష్ గ్రామముల మీదుగా ఫ్లాక్ జిల్లాకు పోయెడిది. ఉత్తరమున పూస్, పీటర్ బోత్ శిఖరములు నిలిచియుండగా, కొండపాదముల చెరకుతోటల నడుమ ఆ ధూమశకటము సాగెడిది.

మిల్లులనుండి చక్కెర బస్తాలను రేవుకు చేర్చుటయే ఆ మార్గముల ముఖ్య ప్రయోజనము. అయినను పల్లెజనులును వానిమీదనే పట్నమునకు వచ్చిపోయిరి. కాలక్రమమున బస్సులును లారీలును ఇంటి ముంగిటికి రాగా, రైలుకు నష్టము పెరిగెను. 1956లో ప్రయాణికుల బండ్లు నిలిచిపోయినవి. 1964లో సరకుల బండ్లును ఆగినవి. ఇందుకు ఎవరిని నిందింపను. 2019లో ప్రారంభమైన మెట్రో 2022 నాటికి క్యూర్‌పిప్ చేరినది. దాని దారి చాలవరకు పాత మధ్య మార్గపు దారియే. 2023లో రోజ్‌హిల్ నుండి రెద్యుయి వరకు ఒక శాఖయు వచ్చినది. అంతకు ఆవలి పల్లెలకు అప్పటికి బస్సే దిక్కుగా నుండెను.

నేను కోరునది పట్టాలు కాదు, మాటలు. 1956లో పదేండ్ల ప్రాయమున ఆ బండి యెక్కినవారికి నేడు ఎనుబదియేండ్లు వచ్చుచున్నవి. వారితోపాటు ఆ దారియు మనకు మరుగుపడును.

"అది తోట యజమానుల చక్కెరకై వేసిన రైలు, మనకేమి పని?" అని కొందరు అడుగవచ్చును. నిజమే, మన తాతముత్తాతలు దానికి యజమానులు కారు. కాని దానిలోని కెక్కిన ప్రతి బస్తాలోను వారి చెమట యున్నది. యజమానుల లెక్కలు దస్త్రములలో నిలిచినవి. కూలివారి కథను ఎవరు వ్రాసిరి? అది మన పెద్దల నోటనే యున్నది.

కావున మన సభకు నా మనవి యిది. రామభజన జరుగు దినములలో ఒక గంట పెద్దలకు కేటాయింతము. టిక్కెట్టు వెల యెంత? సంతకు ఏ కూరగాయలు మోసికొనిపోయిరి? పండుగకు ఏ స్టేషనులో దిగి, ఎంత దూరము నడచిరి? పెండ్లివారు ఏ బండిలో వచ్చిరి? ఇట్టివి అడుగుదము. వారు క్రియోలులో చెప్పినను సరే. బడిలో తెలుగు చదువు పిల్లలు దానిని తెలుగున వ్రాయవలెను, ఉపాధ్యాయులు దిద్దవలెను. ఆ వ్రాతలు దేవాలయమున భద్రపరుపబడవలెను.

ధూమశకటమనునది నేడు మన పిల్లలకు పాఠములోని మాట. అవ్వ ఒడిలో వినినచో అది ఇంటిమాట యగును. భాష నిలుచుట యనగా ఇదియే గదా! వచ్చు సంవత్సరమునకని వాయిదా వేయకుడు. పెద్దల ఆయువు మన సౌకర్యమునకై వేచియుండదు.

శుభం భూయాత్.