వేటగాడి కసి న్యాయమవుతుందా? : 'ఫ్రెంచ్ కనెక్షన్–2' పఠనంపై ఒక అభ్యంతరం

పరదేశంలో నేరస్థుణ్ణి వేటాడే పోలీసు కథను న్యాయవిజయగాథగా చదవడం చలనచిత్ర విమర్శలో స్థిరపడిన అలవాటు. ఈ పఠనం నిలవదు. జాన్ ఫ్రాంకెన్‌హైమర్ 1975లో రూపొందించిన 'ఫ్రెంచ్ కనెక్షన్–2' ఇందుకు ప్రబల సాక్ష్యం.

న్యూయార్కు డిటెక్టివ్ డాయిల్ (జీన్ హాక్‌మన్) హెరాయిన్ ముఠా నాయకుడు షార్నియే కోసం ఫ్రాన్సులోని మార్సేయ్ నగరానికి వస్తాడు. అక్కడ అతనికి అధికారం లేదు, భాష రాదు. మద్యశాలలో పానీయం అడగడానికే అవస్థ పడతాడు. తొందరపాటుతో ఒకణ్ణి వెంటాడి, రహస్య విధుల్లో ఉన్న స్థానిక పోలీసు మరణానికి కారకుడవుతాడు. ఫ్రెంచి పోలీసులు అతణ్ణి ఎరగా వాడుకుంటారు. ముఠా అతణ్ణి బంధించి, తాను అరికట్టదలచిన మత్తుకే బానిసను చేస్తుంది. కోలుకున్నాక, తనను బంధించిన హోటలుకు నిప్పుపెడతాడు. చివరకు రేవులో పడవపై పోతున్న షార్నియేను కాల్చగానే చిత్రం ముగుస్తుంది. అరెస్టు లేదు, విచారణ లేదు, తీర్పు లేదు.

షార్నియే నేరస్థుడు కాడా అని ప్రశ్నించవచ్చు. నిస్సందేహంగా నేరస్థుడే. అయితే ఒకరి నేరం మరొకరికి అధికారపత్రం కాజాలదు. డాయిల్ పడిన యాతనను దగ్గరగా చూసిన ప్రేక్షకుడు అతని కసిని న్యాయంగా భ్రమించడం సహజం. విమర్శకుడూ అలాగే భ్రమిస్తే, పరాయి నేలపై చట్టమే లేదన్న అహంకారానికి శాస్త్రీయ ముద్ర వేసినట్లవుతుంది. తీర్పు వినిపించకుండా ఆగిన చిత్రానికి తీర్పును అతికించడం విమర్శ కాదు, వకాల్తా.