పేరు మనది, టీమ్ ఎవరిది?



గోనాసిక అనే మాట మీలో ఎంతమంది విన్నరు? విన్నవాళ్లు కూడా దాన్ని ఒక హాకీ టీమ్ పేరుగానే విని ఉంటరు.

2017 తర్వాత ఆగిపోయిన హాకీ ఇండియా లీగ్ 2024 డిసెంబర్‌లో మళ్లీ మొదలైంది. మగవాళ్ల పోటీలో ఎనిమిది టీమ్‌లు దిగినయి. అందులో రెండు తెలుగు నేలవే. ఒకటి హైదరాబాద్ తూఫాన్స్. అది ఫైనల్ దాకా పోయి, 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3 తేడాతో ఓడింది. రెండోది విశాఖపట్నం టీమ్. దాని పేరే గోనాసిక.

గోనాసిక అంటే ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలో ఉన్న కొండలు. వైతరణి నది అక్కడే పుడుతది. ఆ కొండల్లో జువాంగ్ ఆదివాసీలు ఉంటరు. తమ తొలి మనుషులు ఆ నది పుట్టినచోటే పుట్టిన్రని వాళ్ల పెద్దలు చెప్పుకుంటరు. మన దగ్గర కొలాం, తోటి, చెంచు అన్నదమ్ములను పెట్టినట్టే, జువాంగ్‌లను కూడా సర్కారు పీవీటీజీల లిస్టులో పెట్టింది. ఇప్పుడు మిమ్మల్ని మీరే అడగండి. టీవీలో గోనాసిక అన్న మాట వందసార్లు విన్న మనిషికి జువాంగ్ అన్న మాట ఒక్కసారైనా చెవిన పడిందా?

ఈ వ్యాసం ఆ ఒక్క టీమ్ మీద కోపంతో రాస్తున్నది కాదు. గోనాసిక అందమైన పేరే. రాజ్యాల పేర్లు, పులుల పేర్లు నిండిపోయిన లీగ్‌లో ఒక ఆదివాసీ కొండ పేరు వినబడటం సంతోషమే. కానీ పేరు ముందు నడిచి, మనుషులు వెనుకబడిపోతే దాన్ని గౌరవం అనలేం. అది వాడకం. ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో మనం తెలుసుకోవాలె. ఎందుకంటే లీగ్‌లు పెరుగుతున్నయి, టీమ్‌లు పెరుగుతున్నయి, పేర్ల కోసం వెతుకులాట కూడా పెరుగుతున్నది. ఆ వెతుకులాట ఏదో ఒకనాడు మన గూడెం దాకా వస్తది.

ముందు హాకీ ఎవరి ఆట అన్న ముచ్చట చూద్దాం.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన దేశానికి హాకీలో మొదటి బంగారు పతకం వచ్చింది. ఆ టీమ్ కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. 1975లో ప్రపంచకప్ గెలిచిన టీమ్‌లో మైకేల్ కిండో ఉన్నడు. దిలీప్ తిర్కీ మూడు ఒలింపిక్స్ ఆడి, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడు అయిండు. సిండెగా జిల్లా పల్లె నుంచి వచ్చిన సలీమా టేటే 2024లో మహిళల జట్టు కెప్టెన్ అయింది. జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ పల్లెల్లో ఖస్సీ టోర్నమెంట్లు ఉంటయి. గెలిచిన టీమ్‌కు కప్పు బదులు మేకపోతు ఇస్తరు. వెదురు కర్రతోనో, వంగిన కొమ్మతోనో ఆట మొదలుపెట్టిన పిల్లలే తర్వాత దేశం జెర్సీ వేసుకున్నరు.

అట్లాంటి చోట ఒక ప్రొఫెషనల్ టీమ్‌కు ఏం పేరు పెట్టిన్రో తెలుసా? రాంచీ రైనోస్. 2013లో మొదటి లీగ్ గెలిచింది ఆ టీమే. రైనో అంటే ఖడ్గమృగం. అది అస్సాం గడ్డి మైదానాల జంతువు, జార్ఖండ్ అడవిలో కనబడదు. అదే లీగ్‌లో సముద్రం లేని ఢిల్లీకి వేవ్‌రైడర్స్ అనే పేరు వచ్చింది. టీమ్‌ను కొన్న కంపెనీ పేరు వేవ్. అంతకుముందు 2005లో వచ్చిన ప్రీమియర్ హాకీ లీగ్‌లో మన హైదరాబాద్ టీమ్ పేరు సుల్తాన్స్. రాజులు, నవాబులు, సుల్తానులు అంటే పట్నంలో గొప్పగానే వినబడుతది. పన్ను కట్టలేక, పోడు పోగొట్టుకొని అడవి లోపలికి జరిగిన వాళ్ల చెవికి అదే పేరు ఇంకో తీరుగా వినబడుతది.

ఇంకొకటి గమనించండి. 2024-25 లీగ్ మ్యాచ్‌లు జరిగింది రూర్కెలా, రాంచీల్లో. రూర్కెలా స్టేడియానికి బిర్సా ముండా పేరు ఉంది. రాంచీ స్టేడియానికి జైపాల్ సింగ్ పేరు ఉంది. గోడ మీద పేరు మనది. బనీను మీద పేరు మాత్రం టీమ్ కొన్నవాళ్ల ఇష్టం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అడవిలో తునికాకు కోసేది మనవాళ్లు. కోరుట్లలో, మెట్‌పల్లిలో రోజంతా కూసొని బీడీలు చుట్టేది అక్కలు, వదినలు. కట్ట మీద అచ్చయ్యే పేరు మాత్రం ఇంకొకరిది. సిరిసిల్లలో మరమగ్గం మీద గుడ్డ నేసినాయన పేరు ఆ గుడ్డ మీద ఎక్కడా ఉండదు. పని ఒకరిది, పేరు ఒకరిది. ఆటలో మన విషయానికి వచ్చేసరికి ఇది తలకిందులైతది: పేరు మనది, పైసలు వేరేవాళ్లవి.

దీని గురించి ప్రపంచంలో చాలా పెద్ద కొట్లాటే జరిగింది.

అమెరికాలో చికాగో హాకీ టీమ్ పేరు బ్లాక్‌హాక్స్. 1926లో టీమ్ పెట్టిన యజమాని మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన పటాలం పేరు అది. ఆ పటాలానికి ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? బ్లాక్ హాక్ అనే సాక్ తెగ నాయకుని నుంచి. 1832లో తన జనం పోగొట్టుకున్న భూమి కోసం అమెరికా సైన్యంతో కొట్లాడిన మనిషి ఆయన. చూడుండ్రి, ఆయన మీదికి పోయిన సైన్యమే ఆయన పేరు పెట్టుకున్నది. ఆ సైన్యం నుంచి టీమ్ తీసుకున్నది. జెర్సీ మీద ఇప్పటికీ ఒక ఆదివాసీ ముఖమే ఉంది.

వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్ కథ ఇంకా ఘోరం. చర్మం రంగును పట్టి ఆదివాసీలను తిట్టే మాటనే టీమ్ పేరుగా పెట్టుకున్నది. 1992లో సుజాన్ షోన్ హార్జో, ఇంకో ఆరుగురు ఆదివాసీలు ఆ ట్రేడ్‌మార్క్ రద్దు చేయాలని కేసు వేసిన్రు. గెలిచిన్రు, మళ్లీ ఓడిన్రు. ఆ తర్వాత తరం పిల్లలు ఇంకో కేసు వేసిన్రు. చివరికి 2020 జులైలో, స్పాన్సర్ కంపెనీలు ఒత్తిడి పెట్టినంక, ఆ పేరు పోయింది. 28 ఏండ్లు పట్టింది. పేరు పెట్టే రోజే అడిగి ఉంటే ఒక్క సాయంత్రం ముచ్చట అది.

మొన్నటి సంగతి ఒకటి. 2024లో అమెరికాలోని యూటా రాష్ట్రానికి కొత్త హాకీ టీమ్ వచ్చింది. పేరు కోసం జనంతో ఓట్లు వేయించిన్రు. యతి అనే పేరు పెట్టుకుందామంటే, ఆ పేరుతో కూలర్లు అమ్మే కంపెనీ ఉండటంతో కుదరలేదు. 2025 మే నెలలో మామత్ అని తేల్చిన్రు. ఒక కూలర్ కంపెనీకి తన పేరు మీద అంత హక్కు ఉంది. కానీ యూటా అన్న మాట ఎక్కడిది? యూట్ అనే ఆదివాసీ తెగ పేరు నుంచి వచ్చిందే. టీమ్ పేరులో రెండో మాట కోసం ఊరంతా ఓటు వేసింది. మొదటి మాట ఎవరిదో అడగాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు.

మంచి ఉదాహరణ కూడా ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ ఊరి బేస్‌బాల్ టీమ్ 2006 నుంచి స్పోకేన్ తెగతో కూర్చొని మాట్లాడింది. ఆ తెగ భాష అయిన సేలిష్‌లో జెర్సీల మీద పేరు రాయించింది. అంటే కుదరదన్నది అబద్ధం. అడిగితే కుదురుతది.

"పేరులో ఏముంది అన్నా, ఆడితే చాలు గదా" అని మీలో కొందరు అంటరు. పేరులో ఏమీ లేకపోతే కంపెనీలు దాని కోసం అన్ని పైసలు ఎందుకు పెడుతయి? 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సిరిసిల్ల ముందు రాజన్న ఎందుకు చేరింది? ఆసిఫాబాద్ ముందు కుమ్రం భీం ఎందుకు చేరిండు? ఒక పేరు బోర్డు మీదికి ఎక్కితే, ఆ నేల ఎవరిదో రోజూ కండ్లకు కనబడుతది కాబట్టి.

మన తెగల సంగతే చూడండి. గోండు అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. వాళ్లు తమను తాము కోయితూర్ అనుకుంటరు. గిరిజనులు అన్నది ఆఫీసు మాట. సారంగాపూర్, బీర్పూర్ అడవి అంచున మైదానంలో పుట్టి పెరిగిన పిల్లగాడికి కూడా సర్టిఫికెట్ ఇచ్చే శాఖ పేరు గిరిజన సంక్షేమ శాఖే. హాకీ కెప్టెన్ జైపాల్ సింగ్ తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నప్పుడు పట్టుబట్టిన విషయాల్లో ఇది ఒకటి: మమ్మల్ని వనజాతి అనకండి, ఆదివాసీ అనండి అని. బంగారు పతకం తెచ్చిన మనిషి తన జనం పేరు కోసం కూడా కొట్లాడవలసి వచ్చింది.

అందుకే, రేపు మన ప్రాంతం పేరు మీద, మన కొండ, వాగు, వీరుని పేరు మీద ఏ టీమ్ వచ్చినా మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి, ఎవరిని అడిగి పెట్టిన్రు? ఒక లీడర్‌తో ఫోటో దిగితే అడిగినట్టు కాదు. ఆ పేరు ఏ ఊరిదో ఆ ఊరి గ్రామసభలో అడగాలె.

రెండు, ఆ పేరుగల జనం నుంచి ఆడేవాళ్లు ఎవరు? ఈ సీజన్‌లోనే పదకొండు మందిలో ఉండాలని కాదు. కనీసం ఆ ఊరి బడిలో హాకీ స్టిక్కులు, కోచ్, గ్రౌండ్ ఉన్నయా?

మూడు, ఆ పేరు మీద అమ్మే జెర్సీలు, టోపీల పైసల్లో ఆ జనానికి వాటా ఉందా?

అడిగితే వినరు అనుకోకండి. చట్టంలో ఒక దారి ఉంది. ట్రేడ్‌మార్క్స్ చట్టం 1999 ప్రకారం రిజిస్ట్రీ ఒప్పుకున్న ప్రతి దరఖాస్తూ ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో అచ్చయితది. జర్నల్ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడవచ్చు. అచ్చయిన నాటి నుంచి నాలుగు నెలల లోపల ఎవరైనా అభ్యంతరం వేయవచ్చు. ఏ వర్గం మతభావాలనైనా నొప్పించే గుర్తును రిజిస్టర్ చేయొద్దని కూడా ఆ చట్టంలోనే ఉంది. మన దేవతల పేరు, కులగోత్రాల గుర్తు ఎవడైనా బనీను మీద వేసి అమ్మబోతే, ఆ నాలుగు నెలలు మన చేతిలో ఉన్నయి. లా చదివే పిల్లలు మనలో ఉన్నరు. నెలకొకసారి ఆ జర్నల్ తెరిచి చూసే పని వాళ్లు పెట్టుకోవాలె.

ఇదే నియమం మనకు కూడా వర్తిస్తది. సంక్రాంతికి, దసరాకు మన ఊర్లలో పెట్టే కబడ్డీ, వాలీబాల్ పోటీల పోస్టర్లు చూడండి. కింగ్స్, రాయల్స్, వారియర్స్. రాజ్యం మనకు ఏమిచ్చిందని మనం కింగ్స్ అయినం? ఊరి పక్క వాగుకు పేరు ఉంటది, గుట్టకు పేరు ఉంటది, పాత ఇప్పచెట్టు కాడి జాగకు ఒక పేరు ఉంటది. రెవెన్యూ రికార్డుల్లోకి ఎక్కని పేర్లు అవి. పెద్దలతోపాటే పోతయి. వాటిని టీమ్‌కు పెట్టుకుంటే మైకులో వినబడుతయి, పిల్లల నోట్లో నిలుస్తయి.

అయితే జాగ్రత్త కూడా కావాలె. దేవత పేరు, అమరుని పేరు టీమ్‌కు పెట్టేముందు ఆలోచించండి. ఆటలో ఓటమి ఉంటది. ఓడిననాడు అవతలి టీమ్ పిల్లలు వాట్సాప్‌లో ఎక్కిరించేది ఆ పేరునే. కుమ్రం భీం పేరు మీద టోర్నమెంట్ పెట్టండి, ఆయన పేరు ఎప్పుడూ ఓడదు. అట్లనే నాయకపోడు పిల్లలు గోండు గోత్రం పేరు పెట్టుకోవాలంటే గోండు పెద్దలను అడగండి. వీర్నపల్లి, రుద్రంగి తండాల పేరు కావాలంటే తండాను అడగండి. మనం కంపెనీలను అడిగే ప్రశ్న ముందు మనం పాటించాలె.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఊర్లో డెబ్బై ఏండ్లు దాటిన ఒక పెద్దమనిషి దగ్గర కూర్చొని, ఊరి చుట్టూ ఉన్న జాగల పేర్లు రాసుకోండి. ఏ పేరు ఎందుకు వచ్చిందో కూడా అడగండి. ఆ లిస్టు మీ దగ్గర ఉంటే, రేపు ఎవడో వచ్చి మన పేరును మనకే అమ్మబోయినప్పుడు చూపించడానికి చేతిలో కాగితం ఉంటది.