అమ్మ భుజం నొప్పితో మొదలయ్యే పుస్తకం

మా గుడిలో అమ్మవారికి వచ్చిన చీరలు మడతపెట్టడం నా శనివారం పని. ఎన్నో పోచంపల్లి పట్టుచీరలు మడతపెట్టాను. వాటి వెనక ఎవరి చేతులున్నాయో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంగ్లీషు మీడియంలో చదివినదాన్ని, అరవై దాటాక తెలుగు చదవడం నేర్చుకుంటున్నాను. "ఆసు" అన్న మాట ఈ మధ్యే తెలిసింది.

మా గుడి లైబ్రరీలో పిల్లల తెలుగు పుస్తకాలు దాదాపు అన్నీ దేవుళ్ల కథలే. ఎడిసన్, రైట్ సోదరులు ఇంగ్లీషు అరలో ఉన్నారు. మొన్న ఒక పాప అడిగింది: "అమ్మమ్మా, తెలుగువాళ్లు ఏమీ కనిపెట్టలేదా?"

ఆ పాపకు చింతకింది మల్లేశం గారి కథ చెప్పాను. ఆయనది తెలంగాణలో ఆలేరు దగ్గరి ఊరు. చీరకు రంగులు అద్దే ముందు దారాన్ని వరసగా మేకుల చుట్టూ తిప్పాలి. అదే ఆసు పోయడం. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. వాళ్లమ్మ లక్ష్మిగారికి భుజం నొప్పి. బడి మధ్యలోనే మానేసిన ఆ కొడుకు ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

పిల్లల పుస్తకం పద్మశ్రీతో మొదలు కాకూడదని నా అభిప్రాయం. భుజం నొప్పితో మొదలవ్వాలి. డబ్బు లేని రోజులు, జనం నవ్విన రోజులు కూడా అందులో ఉండాలి. "పిల్లలకు ఆ కష్టాలెందుకు?" అని మా గుడిలో ఒకావిడ అన్నారు. కష్టం తీసేస్తే మిగిలేది మేధావి బొమ్మ. బొమ్మకి దండ వేస్తాం, దాన్ని చూసి ఎవరూ స్క్రూడ్రైవర్ పట్టుకోరు. అమ్మకు నొప్పి అంటే మాత్రం ఐదేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది.

ఇంకో మాట. ఈ కథ తెలుగులో రాస్తే ఆసు, మగ్గం, దారం అన్నీ వాటి సొంత పేర్లతోనే వస్తాయి. మనలాంటివాళ్లకు అంతకన్నా మంచి పాఠం ఏముంది?

నేను నాలుగు పేజీలు రాయడం మొదలుపెట్టాను. తప్పులుంటాయి, దిద్దండి. మీరూ ఒక కథ రాయండి. రాసే ముందు మీ అమ్మనో, అమ్మమ్మనో ఒక్క ప్రశ్న అడగండి: "ఏ పని చేస్తే నీకు నొప్పి పుట్టేది?"